ఊపిన చెయ్యి

డెల్విన్ ప్రూయెట్ వేళ్ళకు తెల్ల పట్టీ చుట్టుకుని, పళ్ళతో కొరికి తెంపాడు. రెండుసార్లు విరిగి వంకరపోయిన చిటికెనవేలు ఎప్పటిలాగే పట్టీలో ఇమడలేదు. ఈ ఏడు ఆటలు మొదలైనప్పుడు కొన్న బూట్ల తాడు బిగించాడు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అవతలి జట్టు తన్నిన బంతిని అందుకుని, మీదికొచ్చేవాళ్ళను తప్పించుకుంటూ పరుగెత్తడం అతని పని. పదేళ్ళుగా ఆ పరుగే అన్నం పెట్టింది. ఈ ఏడు నియమం మారింది. తల మీదుగా చెయ్యి ఊపి బంతి పట్టుకుంటే చాలు, అతన్ని ఎవరూ తాకకూడదు. ఆట తమ గీత నుంచి ఇరవై అయిదో గజం దగ్గర మొదలవుతుంది. ఊపినవాడు మాత్రం ఇక పరుగెత్తకూడదు. ఒళ్ళు హూనం చేసుకుని పరుగెత్తినా చాలాసార్లు అంత దూరం రాదు.

"ఇవాళ కూడా ఊపెయ్," అన్నాడు కోచ్ గ్రబ్స్.

"ఒక్కసారి పరుగెత్తనివ్వండి కోచ్. సాయంత్రం మాలో ఒకణ్ణి తీసేస్తారంటగా."

"దారి బార్లా తెరుచుకుంటే పరుగెత్తు. లేదంటే వద్దు."

ముందు నిలబడి అడ్డుకాసే టియో భుజాలు కదిలేలా నవ్వాడు. "ట్రాఫిక్ పోలీసైనా నీకన్నా ఎక్కువ పరుగెత్తుతాడ్రా!"

"నోర్ముయ్యరా దున్నపోతా. నువ్వు దారి చెయ్, చూపిస్తా."

మొదటి బంతికి ఊపాడు. రెండోదానికీ ఊపాడు. "టాక్సీ పిలుస్తున్నావా?" అని జనంలోంచి ఎవడో అరిచాడు.

చివరి బంతి తక్కువ ఎత్తులో వచ్చింది. టియో ఇద్దరిని ఒకేసారి పక్కకు తోసేశాడు. ఎడమవైపు గీత పొడవునా ఒక్క మనిషి లేడు. డెల్విన్ అది చూశాడు. చూసేసరికే చెయ్యి గాలిలో ఊగుతోంది.

బంతి గుండెలకు హత్తుకుంది. విజిల్ మోగింది.

"అంత దారి చేశాను కదరా! ఎందుకు ఊపావ్?"

"నేను ఊపలేదురా," అన్నాడు డెల్విన్, తన చేతినే చూసుకుంటూ. "అదే లేచింది."

ఆట అయ్యాక గ్రబ్స్ వచ్చి బల్ల మీద పక్కనే కూర్చున్నాడు.

"చెయ్యి ఊపే పని ఇంకెవడైనా చేస్తాడు డెల్విన్."

డెల్విన్ స్నానం చేసి, చొక్కా మార్చుకుని, సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. కార్ల దగ్గర టియో హారన్ కొట్టాడు. డెల్విన్ చెయ్యి సగం లేచింది. దాన్ని జేబులోకి తోసి, తల మాత్రం ఊపి వెళ్ళిపోయాడు.

లోపల అతని అరలో బూట్లు బోర్లా పడి ఉన్నాయి. అడుగున మేకులు ఒక్కటీ అరగలేదు.