జానెడు అవతల

పొద్దున్నే చెప్పుల షాపు షట్టరు లేవగానే బుడ్డక్క ముందు బల్లలు తుడిచేది. అద్దాల అరల్లో బూట్ల ముక్కులన్నీ వీధివైపు తిప్పేది. పాదం కొలిచే పలకని నేలమీద సర్ది, అన్నీ అయ్యాక కొంగుతో తన కళ్లజోడు తుడుచుకునేది. చిన్నప్పుడు బళ్లో పిల్లలు ఆమెను సోడాబుడ్డి అన్నారు. పెళ్లయ్యేనాటికి అందులో సోడా ఆవిరైపోయి బుడ్డి మిగిలింది. నలభై దాటేసరికి వీధివాళ్లకీ, షాపువాళ్లకీ బుడ్డక్క అయి కూర్చుంది.

ఆ రోజు మొదటగా వచ్చింది కాలేజీ పిల్ల, కుంటుకుంటూ.

"చెప్పులు కరుస్తున్నాయక్కా. నిన్న మీ దగ్గరే కొన్నాను."

"కొత్తవి కదమ్మా, ఇంకా మచ్చిక కాలేదు. ఆ బల్లమీద పెట్టు."

బుడ్డక్క కళ్లజోడు తీసి బల్లవైపు చూసింది. కళ్లజోడు లేకపోతే జానెడు అవతలిదంతా ఆమెకు మసకే. మధ్యలో అద్దం లేకుండా ఆమెకు మసకగా కనిపించినదేదైనా మెత్తబడుతుంది. చెప్పుల పట్టీలు చూస్తూ ఉండగానే వదులై, వెచ్చగా ఒదిగిపోయాయి.

"చాలక్కా, చాలు! ఇంకా చూస్తే జారిపోతాయి."

పిల్ల చెప్పులు తొడుక్కుని చకచకా వెళ్లిపోయింది.

వీధిలో ఎవరింట్లో పసివాడు అడుగులు మొదలుపెట్టినా, బల్లల మూలలు ఒక్కసారి చూసిపొమ్మని బుడ్డక్కను పిలిచేవారు. కొత్త పరుపు కొంటే పిలిచేవారు. పళ్లు కదిలిన దగ్గర్నుంచి అత్తగారు ఎండు రొట్టె ముక్కని పళ్లెంలో పెట్టుకుని గది ఆ చివర కూర్చుని, "కోడలా, ఒక చూపు ఇటు పారెయ్యి" అనేది. వస్తువులకైతే ఆ మెత్తదనం అలాగే ఉండిపోయేది. మనుషులకైతే ఆమె చూసినంతసేపు, ఆపైన ఇంకాస్తసేపు. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇస్తాడు. ఈవిడకు ఇది ఇచ్చాడు.

చత్వారం రావడంతో చిక్కు వచ్చిపడింది. కళ్లజోడు ఉంటే దూరం కనిపిస్తుంది గానీ, బూటు అడుగున ఉన్న సైజు అంకె అలుక్కుపోయినట్టు ఉంటుంది. కళ్లజోడు నుదుటిమీదికి తోసి, బూటు ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే అంకె తేటగా కనిపిస్తుంది. కానీ ఆ అంకె వెనక షాపంతా ఉంది కదా! ఒక్కో అంకె చదివినప్పుడల్లా ఎదురు అరల్లో ఒక వరస బూట్లు తలలు వాల్చేసేవి. దూరానికీ దగ్గరికీ కలిపి ఉండే అద్దాలు వేసుకుంటే మెట్లు రెండేసి కనిపించి, స్టాకు గది నిచ్చెన మీంచి జారి మోకాలు కొట్టుకుంది.

ఓనరు మంచివాడే. ఒకరోజు ఆమెను అర దగ్గరికి తీసుకెళ్లాడు.

"నీమీద నాకేం కోపం లేదు బుడ్డక్కా. కానీ ఇవి చూడు. ఫ్యాక్టరీ వాళ్ల కోసం తెప్పించిన ఇనుప ముక్కు బూట్లు. మేజోళ్లలా వేలాడుతున్నాయి. ఎవడు కొంటాడు చెప్పు? మా మరదలు కళ్లకి లేజరు చేయించుకుంది. పావుగంట పని. నువ్వూ ఆలోచించు."

ఆలోచించడానికి కొత్తగా ఏముంది? ఆ కోరిక ఆమెకు ఎప్పటినుంచో ఉంది. నిద్రలేచి, చేత్తో తడుముకోకుండా, గోడ మీద గడియారం చూడాలని. వానలో నడిస్తే వాన కనిపించాలని, అద్దాల మీద చుక్కలు కాదు. గది అవతల జడ వేసుకుంటున్న కూతుర్ని, మధ్యలో ఏ గాజు ముక్కా లేకుండా చూసుకోవాలని.

కళ్ల డాక్టరమ్మ వయసులో చిన్నది. రకరకాల దీపాలు వేసి చూసింది.

"నల్లగుడ్డు మీది పొర మందంగానే ఉందమ్మా, చెయ్యొచ్చు. అయితే ఇరవై ఏళ్లవాళ్లకి చెప్పనిది మీకు చెప్పాలి. దూరం చక్కగా కనిపిస్తుంది. కానీ ఇప్పుడు కళ్లజోడు తీసేసి చదువుకుంటున్నారే, అది పోతుంది. దగ్గరివన్నీ మసకబారతాయి. చదువుకి అద్దాలు తప్పవు. తొందరేం లేదు, ఇంట్లో అనుకుని రండి."

ఇంట్లో అనుకోవడం మొదలయ్యేలోపే వీధి అనుకోవడం మొదలుపెట్టింది. పక్కింటావిడ కొత్త సోఫా చూపించుకునేదాకా ఆగమంది. ఎదురింటాయన, "చేయించుకో తల్లీ. కానీ మా మనవడికి నడక స్థిరపడ్డాక" అన్నాడు. కూతురు మాత్రం, "ఎవరి మాటా వినకమ్మా. సోఫాలు గట్టిగా ఉంటే చచ్చిపోరెవరూ" అంది.

బుడ్డక్కని ఆపుతున్నది సోఫాలు కాదు. ఆమె భర్త.

ఆయన కారు నడపడం నేర్పుతాడు. రోజంతా పక్క సీట్లో కూర్చుని "బ్రేకు! బ్రేకయ్యా బాబూ!" అని అరుస్తూ ఉంటే, ఊళ్లోవాళ్లు ఆయనకి హారన్ మాష్టారని పేరు పెట్టేశారు. ఇంటికొచ్చినా ఆ గొంతు పార్కింగు చెయ్యడం ఆయనకి రాదు. కూరలో ఉప్పు తగ్గినా హారనే, కరెంటు పోయినా హారనే. అయితే ఆయనకి కోపం రావడం, బుడ్డక్క చెయ్యి కళ్లజోడు మీదికి పోవడం ఒకేసారి జరిగేవి. కళ్లజోడు తీసి చూసేది. ఫ్రిజ్ పక్కన నిలబడ్డ ఆ మసక ఆకారం మాట మధ్యలోనే నెమ్మదించేది. "సరేలే, ఉప్పే కదా, వేసుకుంటాను" అనేది. వాళ్ల కాపురం అలా సాగిపోయింది. ఆయన కోపాన్ని ఆమె ఏనాడూ పూర్తిగా చూడలేదు.

ఇప్పుడు అదే ఆమె గుండెలో ముల్లయింది. ఇన్నేళ్ల ఆయన మెత్తదనంలో ఆయనది ఎంత, తన కళ్లది ఎంత? ఆ చూపు పోయాక ఇంట్లో మిగిలే మనిషి ఎవరు?

తెలుసుకునే అవకాశం తొందరగానే వచ్చింది. కూతురు కారు నేర్చుకోవడానికి పక్క వీధిలోని ఇంకో డ్రైవింగు స్కూల్లో చేరింది. నాన్న దగ్గర నేర్చుకుంటే చెవులు పోతాయని, వాళ్లకి చెప్పి మరీ చేరింది. ఆ మాట ఆయన దాకా వచ్చింది.

ఆయన అన్నం ముందు నుంచి లేచి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఊరందరికీ నేర్పేవాడి కూతురు ఊళ్లో ఇంకోడి దగ్గర నేర్చుకుంటుందా? వాడు నా దగ్గరే కదా గేరు వెయ్యడం నేర్చుకుంది! ఇదంతా నీ గారాబం!"

బుడ్డక్క చెయ్యి లేవబోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. కళ్లజోడు తియ్యలేదు. మొదటిసారి ఆయన కోపాన్ని తేటగా చూసింది. నుదుటి నరం, వణికే గడ్డం, ఎర్రబడ్డ చెవులు. ఆయన అరుస్తూ అరుస్తూ మధ్యలో ఆగి, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఆమెవైపు చూశాడు. ఆమె కదల్లేదు. ఆయన ఇంకా గట్టిగా అరిచి, తలుపు దడాలున వేసి వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు.

"అయితే అంతా నా కళ్లదేనన్నమాట" అంది బుడ్డక్క అత్తగారి పక్కన కూర్చుని.

అత్తగారు ఆమె చెయ్యి నిమిరింది. "వాడు పుట్టినప్పుడు కూడా ఏడవలేదే, అరిచాడు. మంత్రసాని దడుచుకుంది. ఇదిగో విను. వాడి మంచితనం వాడిదా, నీదా అని నేను దేవుణ్ణి రోజూ అడుగుతూనే ఉన్నాను. ఆయన నాకు చెప్పలేదు. నీకైనా తెలియాలి కదా. తెలియకుండా ఎంతకాలం కాపలా కాస్తావు? వెళ్లి చేయించుకో. నా రొట్టె సంగతంటావా, పాలల్లో ముంచుకుంటాను."

బుడ్డక్క కాసేపు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. లేచి డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

ఆస్పత్రికి ఆమెతో భర్తే వెళ్లాడు, ముభావంగా. ఆమె కళ్లజోడు ఆయన చొక్కా జేబులో ఉంది. లోపల ఆమెను మంచం మీద పడుకోబెట్టి, చుక్కలు వేసి, రెప్పలు మూతపడకుండా పట్టీ పెట్టారు. "పైనున్న ఎర్ర దీపాన్నే చూస్తూ ఉండండమ్మా" అంది డాక్టరమ్మ. బుడ్డక్క బుద్ధిగా చూసింది.

మిషను టకటకమంది. డాక్టరమ్మ చూసి, మళ్లీ నొక్కి, మళ్లీ చూసింది.

"ఇదేమిటి? పొద్దున్న ఇద్దరికి బాగానే చేసిందే! వెలుతురు పడుతోంది గానీ కోయడం లేదు."

బుడ్డక్కకి మాత్రం తల్లి చెంగుతో కన్ను తుడిచినట్టు హాయిగా ఉంది.

పక్కనున్న నర్సు బుడ్డక్క షాపులోనే చెప్పులు కొంటుంది. మెల్లగా అంది, "డాక్టరుగారూ, ఆవిడ కళ్లజోడు లేకుండా చూస్తోందండీ. వెలుతురు మెత్తబడింది."

"ముందే చెప్పాలి కదమ్మా!" అంది డాక్టరమ్మ. "ఫలానా మందు పడదని చెబుతారు, ఇది చెప్పరా?"

"ఎవరూ అడగలేదండీ" అంది బుడ్డక్క, నేరం చేసినదానిలా. ఇంతకాలం సోఫాల గురించీ, రొట్టె గురించీ అంతమంది తర్జనభర్జన పడ్డారు గానీ, ఆ దీపాన్ని కూడా చూడాల్సి వస్తుందని ఒక్కరికీ తట్టలేదు.

డాక్టరమ్మ మిషను ఆపేసింది. "నిద్రమందు ఇచ్చి చేద్దాం. కన్ను తెరిచే ఉంటుంది గానీ చూసేది మీరు కాదు. కానీ దానికి మీరిద్దరూ ఇంకోసారి అనుకోండి." రెప్పల పట్టీ తీసేసి, భర్తను పిలిపించింది.

ఆయన వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. మసకగా, ఎప్పటిలాగే మెత్తగా.

"అక్కడినుంచి మీరేం చెప్పినా లెక్కలోకి రాదండీ" అంది బుడ్డక్క. "అది నా చూపు చెప్పించేది. మీ మాట నాకు కావాలి."

ఆయన నడిచి వచ్చి మంచం పక్కన వంగాడు. ఇంకా వంగాడు. ముక్కు ముక్కుకి తగిలేంత దగ్గరికి, జానెడు లోపలికి వచ్చాడు. కనుబొమ్మలో ఒక తెల్ల వెంట్రుక ఆమెకు స్పష్టంగా కనిపించింది. అక్కడ ఆమె చూపు ఏమీ చెయ్యలేదు, దూరాన చేసింది కూడా అక్కడ నిలవదు.

"చేయించుకో" అన్నాడు, మామూలు గొంతుతోనే. గది అదిరింది. నర్సు ఉలిక్కిపడింది.

"మరి మీ కోపం?"

"నా కోపం మాటకేం గానీ, ఒకటి చెప్పు. నేను ఎప్పుడైనా నీ దగ్గర నిలబడి అరిచానా?"

ఆమె గుర్తు చేసుకుంది. అన్నం దగ్గరి నుంచి లేచి ఫ్రిజ్ దగ్గరికి. మంచం మీంచి లేచి కిటికీ దగ్గరికి. తనంటే విసుగేసి దూరం జరుగుతాడని ఇన్నాళ్లూ అనుకుంది.

"జానెడు లోపల నీ చూపు పనిచెయ్యదని నాకు తెలియదటే బుడ్డీ? కోపం వస్తోందని తెలియగానే లేచి అవతలికి పోయేవాణ్ణి, నువ్వు అద్దాలు తీస్తావని. నా అంతట నేను తగ్గడం నాకు రాదు. నీ ఎదురుగా వెళ్లి నిలబడ్డం వచ్చు. మొన్న నువ్వు తియ్యలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలుసా?"

ఇంత దగ్గరగా, ఇంత కటువుగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. అంతకంటే మెత్తటి మాట కూడా ఆమె ఎప్పుడూ వినలేదు. చెంపల మీంచి నీళ్లు కారిపోయాయి.

"మందు చుక్కలన్నీ పోతున్నాయి" అంది డాక్టరమ్మ, తనూ కళ్లు తుడుచుకుంటూ.

"మళ్లీ వెయ్యండమ్మా" అంది బుడ్డక్క. "నిద్రపుచ్చెయ్యండి."

మర్నాడు ఇంట్లో ఆమె లేచి గోడ గడియారం చూసింది. ముళ్లు, అంకెలు, గాజు మీద దుమ్ముతో సహా. గది అవతల కూతురు జడ వేసుకుంటోంది. బుడ్డక్క పలకరించకుండా చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

వీధివాళ్లు వచ్చి పలకరించి వెళ్లారు. సోఫాలు, బూట్లు, బల్లల మూలలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఓనరు అరల్లో కొత్తగా తెప్పించిన ఇనుప ముక్కు బూట్లు నిటారుగా నిలబడ్డాయి.

నాలుగు రోజులు గడిచాక అత్తగారు పాలు విరిగాయని చెప్పి ఉత్త ఎండు రొట్టె ముక్క ఆమె చేతిలో పెట్టింది. "బూజు పట్టిందేమో చూడవే." బుడ్డక్క దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుంది. ఏమీ తెలియలేదు. అంతా అలుక్కుపోయినట్టు ఉంది. వేళ్ల మధ్య రొట్టె అప్పుడే కాల్చినట్టు మెత్తగా నొక్కుకుపోయింది.

అత్తగారు రొట్టె తీసుకుని తినేసింది. తలుపు దగ్గర బూట్లు విప్పుతున్న ఆవిడ కొడుకు మాత్రం అది చూశాడు.

ఆ వారంలోనే కూతురు ఆ పక్క వీధి స్కూలు కారుని గోడకి గీరింది. ఆయన చదువుతున్న పేపరు విసిరి లేచాడు. అలవాటుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"చెప్పానా? గోడ ఎక్కడుందో చెప్పడం కూడా చేతకాదు వాడికి!"

బుడ్డక్క చూస్తోంది. నుదుటి నరంతో సహా ఆయన తేటగా కనిపిస్తున్నాడు. గొంతు ఒక్క పిసరు కూడా తగ్గలేదు. మాట మధ్యలో ఆయనే ఆగిపోయాడు. ఫ్రిజ్‌ని చూశాడు, ఆమెను చూశాడు. కుర్చీ ఒకటి బరబరా ఈడ్చుకుంటూ వచ్చి, ఆమె మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా కూర్చుని, ముఖం ముందుకు పెట్టాడు.

"నా దగ్గర చేరి ఉంటే గోడ దాకా పోనిచ్చేవాణ్ణా?" అని అక్కడినుంచి మళ్లీ అందుకున్నాడు. బుడ్డక్క చదువుకునే అద్దాల కోసం చూడలేదు. ఆయన ముఖం, ఆ తెల్ల వెంట్రుక, అన్నీ మసకబారాయి. "దెబ్బ ఏమైనా తగిలిందటా దానికి?" అంటున్నాడు ఆ మసకలోంచి.

పక్క గదిలోంచి అత్తగారు కేకేసింది. "ఏమర్రా, చప్పుడు లేదు! పోట్లాట అయిపోయిందా?"

"లేదత్తయ్యా" అంది బుడ్డక్క. "ఇప్పుడే మొదలైంది."