రేవులో హాజరు

గోదావరి మధ్యనున్న మా లంకలో బడి రేవు ఒడ్డునే ఉంటుంది. బడికున్న ఒక్కగానొక్క మాస్టారు మురళీమోహన్ గారి అదృష్టమంతా అక్కడే ఉంది. హాజరు కోసం పెట్టిన యాప్, మాస్టారు బడి దగ్గరికి వస్తేనే మొహం గుర్తుపడుతుంది. పడవ ఒడ్డుకు తగిలితే చాలు, బడికి వచ్చినట్టే లెక్క. ఆయన పడవలోనే నిలబడి, జుట్టు సర్దుకుని, ఫోను ఎత్తి మొహం చూపించేవారు. అదే పడవలో వెనక్కి తిరిగి, మలికిపురం దగ్గరున్న తన రొయ్యల చెరువుకు వెళ్లిపోయేవారు. సాయంత్రం మళ్లీ ఓ దర్శనం. రొయ్యలకు వేళకు మేత పడేది. మా పిల్లలకే అక్షరం ముక్క అబ్బేది కాదు.

పై అధికారికి చెప్పుకుంటే, "మీ మాస్టారు ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదే! అలాంటి మనిషి మీద ఫిర్యాదా?" అని మాకే చీవాట్లు పెట్టారు. ఒళ్లు మండిపోయింది.

అందరికంటే ఎక్కువ మండింది వీరదుర్గకి. బళ్లో వంట చేసేదీ ఆవిడే, పిల్లల్ని కాసేదీ ఆవిడే. కూతురు అనిత ఐదో తరగతి. గురుకులం ప్రవేశ పరీక్ష దగ్గరకొచ్చేసింది, ఆ పిల్లకి వాచకం కూడబలుక్కుని చదవడం కూడా రాదు. ఇది తప్పిపోతే కూతురు కూడా తనలాగే గరిటె పట్టాల్సిందేనని ఆ తల్లి బెంగ.

మంగళవారం పొద్దున మాస్టారు మొహం చూపించడం అవగానే వీరదుర్గ రేవులోకి వచ్చింది.

"ఓసారి దిగండి మాస్టారూ. రాగిజావ ముందు తమరు రుచి చూసేకే పిల్లలకి పొయ్యాలంటండీ. రూలంట."

రూలు అనేసరికి ఆయన దిగారు. దిగీ దిగగానే పడవ నడిపే బంగారరాజు, అంటే వీరదుర్గ మొగుడు, పడవని నీళ్లలోకి తోసేశాడు.

"ఒరేయ్ బంగారరాజూ, పడవ!"

"ఆయ్, సాయంత్రం తెస్తానండీ. మళ్లీ మొహం చూపించుకోవాలి కదండీ!"

చేసేదేమీ లేక మాస్టారు జావ తాగి, తరగతిలోకి నడిచారు. ఆ కోపమంతా ముందు వరసలో ఉన్న అనిత మీద పడింది. వాచకం తెరిచి చదవమన్నారు. పిల్ల మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. వీరదుర్గ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఐదో తరగతికొచ్చేవు, ఇది చదవలేవా? సిగ్గు లేదూ? ఎవరే నీకు పాఠాలు చెప్పే మాస్టారు?" అని గద్దించారు మాస్టారు.

పాపం, పిల్లలకి జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే. తరగతంతా హుషారుగా లేచి, ఆయన వైపే వేళ్లు చూపించింది.

"మీరేనండీ!"