వంటగట్టు ఎత్తు

యా-ఫెన్ ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడేళ్ళయింది. ఏడేళ్ళూ ఆ వంటగట్టు ముందు వంగే నిలబడింది. ఆమె పొడుగు మనిషి, గట్టు చూస్తే మరీ పొట్టి. కూర తరగాలన్నా వంగాలి, గిన్నె కడగాలన్నా వంగాలి. లుకాంగ్ ఊళ్ళో షీ వాళ్ళింటి కోడలు మహా వినయం గలదని పేరొచ్చింది గాని, అది వినయం కాదు, నడుం నొప్పి.

అసలా వంటగది బావో-చూది. బావో-చూ అంటే యా-ఫెన్ మొగుడు కున్-షాన్‌కి మొదటి పెళ్ళాం. పదేళ్ళ కిందట, ఏడో నెలలో పోయినవాళ్ళకి విందు పెట్టే పండగనాడు, ఆ విందే వండుతూ పొయ్యికీ తొట్టికీ మధ్య కూలబడి మళ్ళీ లేవలేదు. పిల్లలు లేరు. ఆ రోజు నుంచి ఆ గదిలో మేకు కూడా కదల్లేదు. ఆవిడ ఏప్రన్ మేకుకే ఉంది. ఆవిడ అన్నం వండిన ఆకుపచ్చ కరెంటు కుండ మూలనే ఉంది. యా-ఫెన్ గడప దాటిన రోజునే హాల్లో పూర్వీకులకి మొక్కే పీట ముందు అగరొత్తులు పట్టుకుని, "అక్కా, నేను నీ తర్వాతదాన్ని, చల్లగా చూడు" అని మొక్కింది. భార్య పోయినవాణ్ణి చేసుకునే ఏ ఆడదైనా అలా మొక్కాల్సిందే. బతికున్న అక్కనైతే ఎప్పుడో ఒకప్పుడు ఎదిరించవచ్చు, పోయిన అక్కని ఎదిరించడం ఎవరి తరం?

పైగా అక్క పోయినట్టు లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తా, మొగుడూ కునుకు తీస్తుంటే యా-ఫెన్ గిన్నెలు తోముకునేది. అప్పుడు ఆ ఆకుపచ్చ కుండ మీట టక్కుమని పైకి లేచేది, అన్నం ఉడికిపోయినట్టు. ప్లగ్గు చూస్తే గోడకి ఉండేది కాదు. కుడి పక్కన ఎవరో ఆనుకుని నిలబడ్డట్టు ఆ చేతికి చల్లగా తగిలేది. తొట్టి దగ్గర తన వంతు కోసం ఎవరో చూస్తున్నారని తోచి, యా-ఫెన్ తనకి తెలియకుండానే ఎడమకి జరిగి పని చేసుకోవడం అలవాటు చేసుకుంది. ఒకసారి మొగుడితో చెబితే, పాత ఇళ్ళల్లో గాలి అలాగే ఉంటుందన్నాడు. కున్-షాన్ అగరొత్తుల కార్ఖానాలో పనిచేస్తాడు. ఊరందరి దేవుళ్ళకీ దయ్యాలకీ పొగ తయారుచేసి పంపేవాడికి తన ఇంట్లో మాత్రం ఏదీ కనిపించదు. అలాంటి మొగుళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

అత్తకి ఎనభై రెండేళ్ళు. ఆవిడ మాత్రం అన్నీ చూస్తుంది. రోజూ అన్నం వండగానే మొదటి గిన్నె పొయ్యి చివర పెట్టి "చల్లారనీ" అనేది. ఆ గిన్నె సాయంత్రం దాకా చల్లారుతూనే ఉండేది. ఎవరి కోసమో యా-ఫెన్‌కి తెలుసు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి మొక్కకూడదు, అత్త కోడలికి అగరొత్తి వెలిగిస్తే పోయినదానికే బరువని ఊళ్ళో పట్టింపు. మొక్కడం కుదరదు కాబట్టి ముసలామె అన్నం పెట్టి ఊరుకుంటోంది.

ఆ వసంతంలో పొయ్యి మీది పొగ లాగే యంత్రం చచ్చిపోయింది. చేప వేయిస్తే హాలంతా పొగ, అత్తకి దగ్గు. ఇక తప్పదని కున్-షాన్ భార్యని వెంటబెట్టుకుని చాంగ్‌హువా పట్నంలో వంటగదులు అమ్మే దుకాణానికి వెళ్ళాడు. అక్కడి అమ్మాయి ముందు అడిగింది పొయ్యి గురించి కాదు, యా-ఫెన్ ఎత్తు గురించి. నూట డెబ్బై రెండు సెంటీమీటర్లంటే, అందులో సగానికి ఐదు కలపాలండీ, మీ గట్టు తొంభై ఒకటి ఉండాలి అంది. తొంభై దగ్గర ఉన్న గట్టు ముందు నిలబెట్టి, ఖాళీ పలక మీద ఉల్లికాడలు తరుగుతున్నట్టు చెయ్యి ఆడించమంది. యా-ఫెన్ చెయ్యి ఆడించింది. నడుం నిటారుగా ఉంది. భుజాలు వాటంతట అవే దిగాయి. లేని ఉల్లికాడలకి కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది గాని, యా-ఫెన్‌కి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఇద్దరూ చిన్నపిల్లల్లా దుకాణమంతా తిరిగారు. గుండ్రటి అడుగున్న బాణలి నిలవదు కాబట్టి కరెంటు పొయ్యి వద్దనుకున్నారు. మూడు మంటల గ్యాసు పొయ్యి, దాని మీద గట్టిగా పొగ లాగే యంత్రం, అల్మరా కింద వేలాడే గిన్నెలు ఆరబెట్టే యంత్రం ఖాయం చేశారు. ఆవిరి పొయ్యి దగ్గరికి యా-ఫెన్ రెండుసార్లు వెళ్ళొచ్చింది. నీకు కావాల్సిందే తీసుకో అన్నాడు కున్-షాన్. ఏడేళ్ళలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

ఇంటికొచ్చి చెప్పగానే అత్త ఒకటే మాట అంది. "దాన్ని అడక్కుండా దాని పొయ్యి కదిలిస్తే నేను ఒప్పుకోను."

అడగడమంటే నెలవంకల్లాంటి రెండు చెక్కల్ని పీట ముందు నేల మీద వెయ్యడమే. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే పోయినవాళ్ళు నవ్వుతున్నారని. అత్త అడగకూడదు, కున్-షాన్‌కి కార్ఖానాలో పని గుర్తొచ్చింది. అందుకని యా-ఫెనే మోకరించి, అక్కా, నీ పొయ్యి తీయించుకోమంటావా అని అడిగింది. చెక్కలు రెండూ బోర్లా పడ్డాయి. మళ్ళీ వేసింది. మళ్ళీ బోర్లా. మూడోసారీ అంతే. కమలాలు పెడతాం, కాగితం బట్టలు కాల్చి పంపుతాం, నీ కుండ ఉంచుతాం అని అత్త వెనక నుంచి అందిస్తూనే ఉంది, చెక్కలు కాదంటూనే ఉన్నాయి. చివరికి యా-ఫెన్ విసుగొచ్చి, గిన్నెలు ఆరబెట్టే యంత్రమన్నా పెట్టుకోనిస్తావా అంటే రెండూ వెల్లకిలా పడి నవ్వాయి.

"చూశావుగా, అది వదలదు," అంది అత్త. ఆ గొంతులో భయం ఎంతో, తృప్తీ అంతే.

యా-ఫెన్‌కి ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. ఈ ఇంట్లో తను నిటారుగా నిలబడే చోటు ఒక్కటీ ఉండబోదని తేలిపోయింది. ఆ మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే కుండ మీట టక్కుమంది. కుడి చెయ్యి చల్లబడింది. మొదటిసారి ఆమె పక్కకి జరగలేదు. "నీకింత పట్టుదలేమిటక్కా? నేను నీకేం చేశాను?" అంది పళ్ళ బిగువున. చల్లదనం అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున్నే చెక్కపని చేసే ఆ-తెంగ్ టేపు పట్టుకుని దిగాడు. ముందే రమ్మని చెప్పిన సంగతి అందరూ మరిచిపోయారు. వద్దని పంపించడానికి నోరు రాక యా-ఫెన్ టీ ఇచ్చింది. అతను టేపు లాగాడు. వాళ్ళ టేపు మీద అంకెల పక్కనే ఎర్ర అక్షరాలూ నల్ల అక్షరాలూ ఉంటాయి, ఎరుపు మంచి, నలుపు చెడు. గట్టు డెబ్బై తొమ్మిది దగ్గర ఆగింది. అక్కడున్నది నల్ల అక్షరం, కీడని దానర్థం.

"మా నాన్న కట్టిందే ఇది," అన్నాడు ఆ-తెంగ్ గొంతు తగ్గించి. "రెండు వేళ్ళు పైకి లేపితే ఎరుపు మీద పడుతుందమ్మా అన్నాడట. మీ అత్తగారు వింటేనా. నా పొయ్యి, నా కొలత అన్నారు."

"ఇది మా అక్క కోసం కట్టింది కాదా?"

"ఆవిడ కాపరానికి రాకముందే కట్టేశాం. ఆవిడా మీ అంత పొడుగు మనిషే. ఓసారి మా కొట్టుకొచ్చి, గట్టు కాస్త ఎత్తు చేయించడానికి కుదురుతుందా, వంగలేక చచ్చిపోతున్నాను అంది. నాన్న వస్తానన్నాడు. ఇంట్లో అడిగి చెబుతానని వెళ్ళింది, మళ్ళీ రాలేదు."

యా-ఫెన్ కప్పు కింద పెట్టింది. ఇన్నాళ్ళూ తన కుడి పక్కన నిలబడ్డది ఈ గట్టుకి యజమానురాలనుకుంది. కాదు. అదీ వంగే నిలబడింది. తను వచ్చి ఏడేళ్ళు, అది పోయి పదేళ్ళు, పోయాక కూడా ఆ మనిషికి నడుం ఎత్తే వీలు లేదు. భయం పోయింది. దాని చోట జాలి వచ్చింది. చేతులు కడుక్కుని నేరుగా హాల్లోకి నడిచింది.

అత్త కర్ర టకటకలాడిస్తూ వెనకే వచ్చింది. అన్నీ అడిగేశాం కదా, ఇంకేం మిగిలిందని గొణిగింది. యా-ఫెన్ వినిపించుకోకుండా మోకరించి, చెక్కలు రెండు చేతుల మధ్యా పట్టుకుంది.

"అక్కా, నీ పొయ్యి సంగతి అడగను. నిన్నే అడుగుతున్నాను. ఈ వంటగది వదిలి వెళ్ళిపోవాలని ఉందా నీకు?"

ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మళ్ళీ వేసింది. అంతే. మూడోసారి చెక్క ఒకటి నేల మీద చాలాసేపు తిరిగింది, ఆగినప్పుడు అదే జవాబు. వరసగా మూడుసార్లు సరే అంటే ఇక తిరుగులేదు, ఆ సంగతి లుకాంగ్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. వదలనిది అది కాదు. తనది కాని పొయ్యిని నీదని అడిగితే కాదనక ఏమంటుంది? పదేళ్ళు అన్నం గిన్నెలు పెట్టి, ఏప్రన్ మేకుకి ఉంచి, పొయ్యి దగ్గరే కట్టేసి ఉంచింది ఇంట్లోవాళ్ళు.

అత్త ముఖం పాలిపోయింది. కర్ర గోడకి ఆనించి, కోడలి చేతిలోంచి చెక్కలు లాక్కుని, పీట ముందు మెల్లగా మోకాళ్ళ మీదికి దిగింది.

"అత్తయ్యా, మీరు మొక్కకూడదు."

"నువ్వు ఊరుకో." ముసలామె తల ఎత్తలేదు. "బావో-చూ, ఆ రోజు తల పగిలిపోతోందన్నావు. చేపలు వేయించేసి పడుకో అన్నాను. అన్నీ వేయించావు, ఒక్కటీ మాడలేదు. నా మీద కోపంగా ఉందా తల్లీ?"

చెక్కలు పడ్డాయి. రెండూ వెల్లకిలా. నవ్వు.

అత్త వాటిని చాలాసేపు చూసింది. "తెలిసిందే అడుగుతున్నానంటోంది," అంది ఎవరికో చెబుతున్నట్టు. తర్వాత యా-ఫెన్ వైపు తిరిగింది. కళ్ళ నీళ్ళు ముడతల్లో దారి వెతుక్కుంటున్నాయి. "మరి నువ్వెందుకు చెప్పలేదే? నీకు నడుం నొప్పని ఏడేళ్ళలో ఒక్కనాడు నాతో అన్నావా?"

యా-ఫెన్‌కి కోపం లేదు. ఉన్న మాటే చెప్పింది.

"అన్నాను అత్తయ్యా. కిందటేడు అదే పండక్కి అన్నాను. చేపలు వేయించేసి పడుకో అన్నారు."

వంటగది గుమ్మంలో ఆ-తెంగ్ టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఎంత దాకా విన్నాడో గాని తల వంచుకునే ఉన్నాడు. పాత గట్టు పగలగొట్టడానికి పంచాంగం చూసి మంచి రోజు చెబితే వస్తానన్నాడు.

అత్త లేవబోయి లేవలేకపోయింది. యా-ఫెన్ భుజం పట్టుకుని లేచి, ఆ పట్టు వదలకుండానే అతని వైపు చూసింది.

"రోజు చూడక్కర్లేదు," అంది. "సుత్తి తెచ్చావా?"