సెల్స్ లేని బెల్లు

ఆ ఇంట్లోకి పరీక్ష పాసవకుండా ఏ వస్తువూ అడుగు పెట్టింది లేదు. బకెట్టు కొనాలన్నా ఆ ఇంటాయన బజారంతా చుట్టబెట్టి, దొరికిన ప్రతి బకెట్టునూ బోర్లించి, అడుగున వేలి కణుపుతో కొట్టి చూసి, చివరికి ఏదీ నచ్చక చేతులూపుకుంటూ ఇంటికొచ్చేవాడు. పెయింట్ల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే విభాగంలో ఉద్యోగమంతా గడిపిన మనిషి. ఆయన సంతకం పడనిదే ఒక్క డబ్బా గేటు దాటేది కాదు. తోటివాళ్ళు ఎదురుగా సారనీ, వెనకాల రిజెక్టు గారనీ పిలిచేవాళ్ళు. ఆ రెండో పేరు సంగతి ఆయనకీ తెలుసు. తెలిసి మురిసిపోయేవాడు కూడా. రిటైరయ్యాక పెయింటు డబ్బాలు దూరమయ్యాయి గాని అలవాటు దూరం కాలేదు. ఇంకేం, ఇల్లుంది, ఇంట్లో సామానుంది, సామాను మధ్యలో భార్య ఉంది.

కూతురి పెళ్ళి విషయంలోనూ అదే తంతు. వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక. ఒకడు మరీ గట్టిగా నవ్వుతాడు, ఇంకొకడు అసలు నవ్వడు, మరొకడు మాట్లాడుతూ కాలు ఊపుతాడు. పిల్ల ఓపిక పట్టినన్నాళ్ళు పట్టి, ఆఖరికి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కును తనే చూసుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆయన అతన్ని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ప్రశ్నలతో ఉతికి ఆరేశాడు. పాపం, అతను గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఉండగానే, వినపడేలా, పనికిరాడని తేల్చేశాడు. పిల్ల ఒంటికాలి మీద లేచింది. మాటా మాటా పెరిగింది. అతనితో వెళితే మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదన్నాడు ఆయన. కట్టుబట్టలతో వెళ్ళిపోయింది పిల్ల. తల్లి అక్కడే నిలబడి అంతా చూసింది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో కూతురి పేరు ఎత్తడం మానేశారు. ఎత్తకూడదని ఎవరూ అనలేదు. ఒకసారి భోజనాల దగ్గర ఆవిడ నోరు జారి పేరు పలికితే, ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. అంతే, మళ్ళీ పలకలేదు. కూతురు ఫోను నంబరు మార్చుకుంది. కబుర్లన్నీ ఆవిడకు తన చెల్లెలి ద్వారానే అందేవి, అదీ ఆయన స్నానానికి వెళ్ళినప్పుడో, కునుకు తీసినప్పుడో.

కూతురు కడుపుతో ఉందన్న కబురూ అలాగే వచ్చింది. ఆవిడ నంబరిమ్మని బతిమాలింది. చెల్లెలు ఇవ్వలేదు. పిల్ల మనసు బాగా విరిగి ఉందనీ, ఎవరూ తొందరపెట్టొద్దనీ, తనంతట తానే ఒకరోజు వస్తానందనీ చెప్పింది. గేటు దగ్గర బెల్లు కొడుతుందట. తలుపు తీస్తే లోపలికి వస్తుందట. తియ్యకపోతే ఇక ఆ వైపు చూడనందట. అన్నంత పనీ చేసే పిల్లేనని ఆవిడకు తెలుసు. ఎంతైనా ఆయన కూతురు.

ఆ రోజు మొదలు ఆవిడ ప్రాణమంతా చెవుల్లోకి వచ్చేసింది. మిక్సీ వేస్తూ మధ్యలో ఆపి వినేది. కుక్కర్ కూతకు విసుక్కునేది. స్నానానికి వెళ్ళినా నీళ్ళ చప్పుడు కాకుండా పోసుకునేది.

ఇంటి ముందు కాస్త ఖాళీ జాగా, దాని చివర ఇనప గేటు. వీధి కుక్కల బాధ పడలేక లోపల గొళ్ళెం పెట్టి, దానికో తాళం కూడా వేసేవాళ్ళు. గేటు స్తంభానికి బెల్లు బటను ఉంటుంది. నొక్కితే అందులో ఎర్ర లైటు వెలుగుతుంది, ఇంట్లో ఫ్రిజ్ పైనున్న పెట్టె పిట్టలా కూస్తుంది. మధ్యలో వైరు లేదు. బటనులో బిళ్ళంత బ్యాటరీ ఒకటి వేస్తే ఏళ్ళ తరబడి వస్తుంది. లోపలి పెట్టెకు మాత్రం మామూలు సెల్స్ వెయ్యాలి.

ఈ సెల్స్ దగ్గరే వచ్చింది తంటా. ఒకరోజు టీవీ రిమోటులో సెల్స్ కారి, లోపలి స్ప్రింగులన్నీ పచ్చగా తుప్పు పట్టాయి. వాడి పారేసే సెల్స్ ఇక ఈ ఇంట్లో ఉండకూడదని ఆయన అక్కడికక్కడే తీర్మానం చేశాడు. అన్నిటికీ ఛార్జింగు బ్యాటరీలేనన్నాడు. మంచిదే. వేరే ఇంట్లో అయితే సాయంత్రానికి కొట్టుకెళ్ళి నాలుగు కొనుక్కొచ్చేవాళ్ళు. ఈయన మాత్రం ముందుగా ఇంట్లో ఉన్న సెల్స్ అన్నీ పీకి బల్లమీద వరసగా నిలబెట్టాడు. గోడ గడియారంలోవి, బరువు చూసే మిషన్లోవి, టార్చిలైట్లలోవి, బెల్లులోవి. కొత్తవి ఎంచుకునేదాకా ఇంట్లో ఏదీ పనిచెయ్యక్కర్లేదు కాబోలు.

తర్వాత ఒక్కో కంపెనీవి ఒక్కో జత తెచ్చాడు. ప్రతిదానికీ కాగితం ముక్క అంటించి గుర్తు పెట్టాడు. ఛార్జింగు ఎక్కించడం, మీటరుతో కొలవడం, అలమారలో ఊరికే వదిలేయడం, కొన్ని వారాలాగి మళ్ళీ కొలవడం. ఎక్కువ కరెంటు పడుతుందని ఒంటిమీద పెద్ద అంకె వేసుకున్నవి ఊరికే కూర్చుని కూడా ఖాళీ అయిపోతున్నాయని కనిపెట్టాడు. అంతకన్నా చిన్న అంకె వేసుకున్నవి అలమారలో ఉన్నా నిలకడగా ఉంటున్నాయట. పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి ఒకే దాంట్లో వేస్తే రెండూ చెడతాయట. అన్నం తింటున్నంతసేపూ ఇదే పురాణం. ఆవిడ ఊ కొట్టేది. గడియారం ఆగిపోయింది, టీవీ ఛానలు మార్చాలంటే ఆవిడే లేవాలి, బెల్లు మూగది.

ఒకరోజు ధైర్యం చేసి, మిగతావి ఎలా ఉన్నా బెల్లులో సెల్స్ వెయ్యమని అడిగింది.

"మనింటికి వచ్చేదెవరే?" అన్నాడు ఆయన, మీటరు మీంచి చూపు తిప్పకుండా.

అది వెటకారంగా అన్న మాటైనా బాగుండేది. ఆయన నిజంగానే అడిగాడు. పాలవాడు గేటుకు తగిలించిన సంచిలో ప్యాకెట్టు వేసి పోతాడు, గ్యాసువాడు ఫోను చేస్తాడు, చుట్టాలు రావడం ఏనాడో మానేశారు. ఎవరొస్తారో చెప్పాలంటే కూతురి పేరు ఎత్తాలి. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన పడుకున్నాక సందు చివరి కొట్టుకు వెళ్ళి మామూలు సెల్స్ కొనుక్కొచ్చింది. స్టూలెక్కి తనే పెట్టెలో వేసింది. ఎదురింటి టైలరమ్మను పిలిచి బటను నొక్కమంది.

"ఏంటొదినా, చుట్టాలొస్తున్నారా?" అంది టైలరమ్మ.

రావొచ్చంది ఆవిడ. పిట్ట కూసింది. మరోసారి నొక్కమంది. మళ్ళీ కూసింది. ఆ రాత్రి ఆవిడ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆ సెల్స్ చూశాడు. కోప్పడలేదు. పైగా సంతోషించాడు. కొత్త ఛార్జింగు బ్యాటరీలను దేనితోనన్నా పోల్చి చూడాలంటే తాజా మామూలు సెల్స్ కావాలట, బల్లమీద ఉన్నవన్నీ పాతబడ్డవట, సమయానికి దొరికాయట. పీకేసి బల్లమీద పెట్టుకున్నాడు. పరీక్ష ముగియగానే తిరిగి వేసేస్తానన్నాడు. ఇంకో జత కొనొచ్చు కదా అని మీరడగొచ్చు. కొంటే అవీ బల్ల ఎక్కుతాయి. ఆవిడ అంతగా అలసిపోయి ఉంది. రెండ్రోజుల్లో కొంపలేం మునుగుతాయిలే అనుకుంది.

రెండోరోజు మబ్బు పట్టింది. చీకటి పడుతుండగా ఆయన హాల్లో టార్చిలైట్ల పరీక్ష పెట్టాడు. ఒకే రకం టార్చిలైట్లు రెండు. ఒకదాంట్లో ఆవిడ కొన్న సెల్స్, ఇంకోదాంట్లో ఛార్జింగువి. రెంటినీ పక్కపక్కనే గోడమీదికి వేసి ఏది ఎక్కువ వెలుగిస్తుందో చూడాలి. కిటికీ తెర ఉతకడానికి తీశారు, మళ్ళీ వెయ్యలేదు. ఆయన లైటు ఆర్పమన్నాడు. ఆవిడే లేచి స్విచ్చి ఆర్పింది.

గోడమీద రెండు గుండ్రాలు పడ్డాయి. రెండూ ఒకటేనంది ఆవిడ. సరిగ్గా చూడమన్నాడు. లైటు వేయించి, సెల్స్ అటువి ఇటు మార్చి, మళ్ళీ ఆర్పించాడు. ఈసారి ఆయన టార్చిలైటు తన గడ్డం కింద పెట్టుకుని, ఇది ఎలా ఉందో చెప్పమన్నాడు. పెళ్ళైన కొత్తలో కరెంటు పోయినప్పుడు చేసేవాడలా. ఆవిడకు నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వాడు. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి పగలబడి నవ్వారు.

"పాసయ్యాయి," అన్నాడు ఆయన.

ఆ మాట కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఉన్న మనిషికి అదే పదివేలు. మర్నాడు ఇల్లంతా తిరిగి కొత్త బ్యాటరీలు వేశాడు. టార్చిలైట్లకూ బరువు మిషనుకూ ఛార్జింగువి. బెల్లుకూ గడియారానికీ రిమోటుకూ మామూలువే. వాటికి కరెంటు ఖర్చు బహు తక్కువనీ, వాటికి ఛార్జింగువి వెయ్యడం దండగనీ, కారకుండా అప్పుడప్పుడు చూసుకుంటే చాలుననీ తేల్చాడు. నెలల తరబడి పరీక్షించి ఆయన కనుక్కున్నది, ఆవిడ స్టూలెక్కి చేసిన పనే. ఆవిడ ఆ మాట అనలేదు. బెల్లు కూస్తోంది, అది చాలనుకుంది.

వారాలు గడిచాయి. బెల్లు ఒకటి రెండుసార్లు కూసింది. ఒకసారి కొరియరు, ఒకసారి దారి తప్పిన మనిషి. ప్రతిసారీ ఆవిడ చేతిలో పని వదిలేసి పరిగెత్తింది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు ఫోను చేసి, ఆడపిల్ల పుట్టిందనీ తల్లీ పిల్లా కులాసా అనీ పొడిపొడిగా చెప్పింది. ఆవిడ ఏడ్చేసింది. వస్తానంది కదా, ఎందుకు రాలేదని అడిగింది.

"ఏం తెలియనట్టు అడుగుతావేంటక్కా?" అంది చెల్లెలు.

తర్వాత చెప్పింది. పిల్ల వచ్చింది. నిండు గర్భిణి, బస్సు దిగి నడిచొచ్చింది. కాన్పుకు తోడు రమ్మని తల్లిని అడగడానికి. గేటు దగ్గర నిలబడి బటను నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది. కిటికీలోంచి అమ్మా నాన్నా ఇద్దరూ కనిపిస్తూనే ఉన్నారు. నొక్కగానే అమ్మ లేచింది. తలుపు తియ్యడానికే అనుకుంది పిల్ల. అమ్మ లైటు ఆర్పేసింది. కాసేపటికి లైటు వెలిగింది. పిల్ల సిగ్గు చంపుకుని మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆర్పేశారు. లోపల ఏదో టార్చి వెలుగు కదిలింది, ఆ చీకట్లోంచి ఇద్దరూ పగలబడి నవ్వడం వినిపించింది.

ఆవిడ తన చేత్తోనే ఆర్పింది. వేరే ఎవరి చేతినీ తిట్టుకునే వీలు కూడా లేదు. తిట్టిన తిట్టు తిట్టకుండా మనసులో ఆయన్ని తిట్టింది, ఆ బల్లను తిట్టింది, మీటరును తిట్టింది, చివరికి తనను తిట్టుకుంది. చెల్లెలి కాళ్ళావేళ్ళా పడినంత పనిచేసి కూతురి నంబరు తీసుకుంది. వంటింట్లోకి వెళ్ళి, ఆయన హాల్లో పేపరు చదువుతున్నాడని చూసుకుని, ఫోను కలిపింది.

కూతురి గొంతు వినగానే గబగబా చెప్పుకొచ్చింది. బెల్లులో సెల్స్ లేవంది. నాన్న పరీక్షకని తీసేశాడంది. లైటు ఆర్పింది టార్చిలైట్లు పోల్చి చూడ్డానికంది. చెబుతుంటే ఆవిడకే అది కట్టుకథలా వినిపించింది. అవతల పసిపిల్ల ఏదో చిన్న చప్పుడు చేసింది. కూతురు అంతా విని, నమ్ముతున్నానంది. నాన్న ఎలాంటి మనిషో తెలిసినవాళ్ళు ఎవరైనా నమ్ముతారంది.

ఆవిడ గుండె తేలికపడింది. మనవరాలిని చూడటానికి వస్తాననబోయింది.

"ఒక్కటడుగుతానమ్మా," అంది కూతురు. "ఆ రోజు బెల్లు మోగే ఉంటే, నాన్న వద్దన్నా నువ్వు తలుపు తీసేదానివా?"

తీసేదాన్ని. ఆ మాట ఆవిడ నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇన్నాళ్ళూ మిక్సీ ఆపి, కుక్కర్ ఆపి, నీళ్ళ చప్పుడు ఆపి విన్నది అందుకే. అలా అనడానికి నోరు తెరిచింది.

"ఎవరే ఫోన్లో?" అని హాల్లోంచి కేకేశాడు ఆయన.

"చెల్లెలండీ," అంది ఆవిడ.

ఆలోచించి అన్న మాట కాదు. ముప్పై ఏళ్ళ అలవాటు, దానంతటదే వచ్చేసింది. అవతల పసిపిల్ల చప్పుడు ఆగిపోయింది. పసిది నిద్రపోయిందేమో అనుకుంది ఆవిడ. తర్వాత తెలిసింది, కూతురు ఫోను పెట్టేసిందని. ఆవిడ మళ్ళీ కలిపింది. మోగుతోంది గాని ఎవరూ ఎత్తడం లేదు. హాల్లోంచి ఆయన, చెల్లెలు ఏమంటోందని అడిగాడు. అంతా కులాసానేనని చెప్పింది ఆవిడ.