మూడు వారాల టకటక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి నా పాత కారుకు కూడా తెలుసు. సరిగ్గా నాకు తీరిక లేనప్పుడే మొరాయించేది. రెండువేల రెండు నాటికే అది పద్నాలుగేళ్ళ డీజిలు బండి. ఆ రోజుల్లో దాన్ని బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసుకు నెలవారీ అద్దెకు తిప్పేవాణ్ణి. అప్పుడు మొదలైంది ఇంజనులో టకటక. రేకు డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు ఒకటే చప్పుడు. ఫోను కూడా మాట్లాడలేకపోతున్నామని వెనక సీట్లో వాళ్ళు సూపర్‌వైజరు కౌశల్‌కు ఫిర్యాదు చేశారు. కౌశల్ మర్యాదగానే చెప్పాడు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి తనే ఆఫీసు బయటికి వచ్చి బండి చూస్తాడట, చప్పుడు అలాగే ఉంటే సోమవారం నుంచి వేరే బండి పెట్టుకుంటాడట. మా ఇల్లు నడిచేది ఆ ఒక్క కారు మీదే.

జేసీ రోడ్డు వెనక సందులో పాపయ్యన్న రేకుల షెడ్డు. ఇరవై ఏళ్ళుగా నా బండ్లన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని జబ్బు చెప్పేసేవాడు. అలాంటి మనిషి ఈసారి మూడు వారాలుగా తడుముకుంటున్నాడు. మొదట ఇంజను వాల్వుల ట్యాపెట్లు సర్దాడు. తర్వాత ఇంజను కింద రబ్బరు దిమ్మలు మార్చాడు. ఆ తర్వాత డీజిలు పంపు విప్పి మళ్ళీ బిగించాడు. ప్రతిసారీ సరిపోయిందని తల ఊపేవాడు. నేను కార్పొరేషన్ సర్కిల్ దాటేలోపే టకటక మొదలయ్యేది. వెనక్కి తిరిగొచ్చి ఆయన మీద ఒంటికాలితో లేచేవాణ్ణి. ఆయన నవ్వుతూ చేతులు తుడుచుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

శుక్రవారం పొద్దున్నే బండి తెచ్చి షెడ్డు ముందు పెట్టాను. మామూలుగా ఆయన పని చేస్తుంటే నేను సందు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ ఉంటాను, ఒకచోట నిలబడే ఒళ్ళు కాదు నాది. ఆ రోజు మాత్రం బానెట్ పక్కనే నిలబడ్డాను. మధ్యాహ్నం దాటింది. నా నోరు ఆగలేదు.

“మూడు వారాల నుంచి ఊరికే సుమ్మనే తల ఊపతా ఉండావు. చెవిటోని ముందర శంఖం ఊదినట్టుండాది నీతో.”

పాపయ్యన్న అదే నవ్వు నవ్వి, ఇంజను నడుస్తుండగానే డీజిలు పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేయడం మొదలుపెట్టాడు. నట్టు వదులైతే ఆ సిలిండరుకు డీజిలు అందదు. జబ్బు అందులోనే ఉంటే చప్పుడు ఆగిపోతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. ఒకటోది వదులు చేశాడు. టకటక అలాగే ఉంది. బిగించి రెండోది వదులు చేశాడు. చప్పుడు ఠక్కున ఆగింది. ఇంజను కాస్త తడబడుతోంది, అంతే. నా ప్రాణం లేచొచ్చింది. దొరికిందని అనబోయాను. ఇంతలో ఆయన రెండోది బిగించేసి, మూడో నట్టుకు స్పానరు పెట్టాడు.

ఆయన మొహం వంక చూశాను. నొసలు ముడిచి, పెదాలు బిగించి, ఎంతో శ్రద్ధగా వింటున్నాడు. ఆయనకు ఏమీ వినపడటం లేదు. ఇందాక అన్న మాటకు నాలుక కరుచుకున్నాను. పక్కన బల్ల మీద ఇద్దరు డ్రైవర్లు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. మెకానిక్కుకు చెవులు పోయాయని తెలిస్తే రేపటి నుంచి ఆ సందులోకి ఒక్క బండి రాదు.

బానెట్ చాటున ఆయన మణికట్టు పట్టుకుని, రెండు వేళ్ళు చూపించాను. నా వేళ్ళ వంకా నా వంకా చూశాడు. రెండో సిలిండరులోకి డీజిలు చిమ్మే నాజిల్ విప్పి కొత్తది బిగించాడు. ఈసారి ఇంజను బుద్ధిగా తిరిగింది. అప్పటికి మూడున్నరైంది. బయలుదేరుదామని సీట్లో కూర్చున్నాను. ఆయన కిటికీ దగ్గరకు వంగాడు.

“ఏడాదైంది హనుమంతూ. ఎవురికీ చెప్పలేదప్పా.”

అడగకూడదనుకుంటూనే, ఆయనకు నా పెదాలు కనపడేలా మెల్లగా అడిగాను.

“మరి నేను తిట్టిన తిట్లు?”

“అవన్నీ తెలిసినాయి. మనిషికి మొగం ఉండాది గదా, చూస్తే తెలుస్తాది. ఇంజనుకే మొగం లేదు.”

అని స్క్రూడ్రైవరు తీసుకుని తర్వాతి బండి దగ్గరకు నడిచాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఐదింటికి కౌశల్ చూస్తూ ఉంటాడు, బ్రూక్‌ఫీల్డ్ చేరడానికి గంట పైనే పడుతుంది. అయినా ఇంజను ఆపి తాళం తీశాను. వెళ్ళి, ఆ బండి బానెట్‌కు ఇవతల, ఇంజను చప్పుడు వింటూ, ఆయనకు నా మొహం కనపడేలా నిలబడ్డాను.