వచ్చేవాళ్ళ గిద్ద

నేను ఒక ఇత్తడి గిద్దను. ఈ కాలపు పిల్లలు నా పేరు విని ఉండరు. మానిక, తవ్వ, సోల, అరసోల అని బియ్యం, నూనె కొలిచే పెద్ద కుటుంబం మాది. అందులో ఆఖరిదాన్ని నేను. నాతో నాలుగుసార్లు పోస్తే గానీ ఒక సోల నిండదు. టీ కప్పుకన్నా చిన్నదాన్నని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ నన్ను చూసి నవ్వారు. కిలోల లెక్క వచ్చాక మావాళ్ళంతా పాతసామాన్ల బండెక్కి వెళ్ళిపోయారు. పెద్దాపురంలో ఒక ఇంటి బియ్యం డబ్బాలో సోల, నేను మాత్రం మిగిలాం.

నన్ను పోతపోసింది అజ్జరంలో ఒక కంచరి. సానబట్టేటప్పుడు చెయ్యి జారి నా అడుగున చిన్న నొక్కు పడింది. "గిద్దే కదా, ఎవరు చూస్తార్లే" అని వదిలేశాడు. ఆ మాట నేను చాలా ఏళ్ళు మనసులో పెట్టుకున్నాను. మొదట ఒక నువ్వులనూనె అమ్మే ఆవిడ దగ్గర పనిచేశాను. ఆవిడ నన్నెప్పుడూ అంచుదాకా నింపిన పాపాన పోలేదు. ఆ తర్వాత మాణిక్యమ్మగారు కొనుక్కుని, చింతపండు పెట్టి తోమి తోమి నా నూనెవాసన వదిలించి, బియ్యంలో వేశారు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లోవాళ్ళకి సోలతో కొలిచి పోశాక, చెప్పకుండా వచ్చేవాళ్ళ కోసమని నాతో ఒకటి అదనంగా పోసేవారు. అందుకని నాకు వచ్చేవాళ్ళ గిద్ద అని పేరొచ్చింది. మాణిక్యమ్మగారు పోయాక కోడలు మంగతాయారు ఆ పద్ధతి తప్పలేదు. తనని మాత్రం ఎప్పుడూ కొలతలో వేసుకోలేదు. అందరూ తిన్నాక, మూడింటికి, గిన్నె దగ్గరికి లాక్కుని అడుగున ఉన్నది తినేది. ఎవరూ రాని రోజున నా బియ్యం ఆమెవి. ఎవరన్నా వస్తే ఆమెకి మజ్జిగ. నలభై ఏళ్ళు నేను అతిథుల్ని పోషిస్తున్నానని గర్వపడ్డాను కానీ, ఈ సంగతి పట్టించుకోలేదు. మనుషులు కూడా పట్టించుకోలేదు, అదొక్కటే నాకు ఊరట.

అలా ఒంటరిగా తినడం వల్లే జబ్బు దాగింది. ముద్ద గుండెల్లో అడ్డుపడేది. నీళ్ళు తాగి తోసేది. తర్వాత అన్నం మానేసి గంజి తాగేది. అయిదు నెలలు ఎవరి కంటా పడలేదు. గంజి కూడా దిగని రోజున భర్త భాస్కరం ఆమెని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అన్నవాహికలో కేన్సరన్నారు. మందులిచ్చి, ఆపరేషన్ చేసి, పాడైన భాగం తీసేశారు. కడుపునే గొట్టంలా కుట్టి పైకి లాగి గొంతు కింద కలిపారు. తిండి అందేదాకా ఆధారంగా పొట్ట పక్కన ఒక సన్నని గొట్టం అమర్చారు. పాలలాంటి ద్రవం అందులోంచి లోపలికి పోతుంది.

ఇంటికి పంపేటప్పుడు ఎస్తేరు అనే నర్సమ్మ చెప్పిన మాటలు భాస్కరం ఇంటికొచ్చి రెండుసార్లు అప్పజెప్పాడు కాబట్టి నాకూ కంఠతా వచ్చేశాయి. "అమ్మగారి కడుపిప్పుడు సంచీ కాదండీ, సన్నగొట్టం. టీ కప్పుకన్నా చిన్నదేదన్నా చూసుకుని, రెండేసి గంటలకి అంతే పెట్టండి. బాగా నమలాలి. నీళ్ళు అన్నంతోపాటు కాదు, అరగంట ఆగాక. తిన్నాక నిటారుగా కూర్చోవాలి. పడుకున్నా తల ఎత్తులో ఉండాలి. తీపి జోలికి వెళ్ళొద్దు. ఆరువారాలకి బరువు నలభై కిలోల కిందికి దిగకపోతే పొట్ట పక్కనున్న గొట్టం తీసేస్తారు. తగ్గితే ఉంచేస్తారండి."

టీ కప్పుకన్నా చిన్నది! ఇల్లంతా వెతికి భాస్కరం నన్ను బియ్యంలోంచి పైకి తీశాడు. నాలో మెత్తని అన్నమో ఇడ్లీ ముక్కలో నొక్కి స్టీలు పళ్ళెంలో బోర్లించేవాడు. నా అడుగు నొక్కు ఆ ముద్ద నెత్తిన చిన్న గుంటలా పడేది. దాన్లో నాలుగు చుక్కల నెయ్యి పోసేవాడు. కంచరికి ఈ సంగతి చెప్పాలనిపించింది.

భాస్కరం ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినవాడు. టైమంటే ప్రాణం. "ఏడింటి బండొచ్చిందే, ఎక్కు" అనేవాడు. తర్వాత తొమ్మిదింటి బండి, పదకొండింటి బండి. అన్నిటికన్నా పదకొండింటి బండితోనే చిక్కు. అప్పటికింకా ఆయన భోజనం కాదు, ఆయన తినకుండా తను ముందు అన్నం తినడం ఆమెకి చేతకాదు. "మీరు తినకుండా నాకెలా దిగుద్దండీ" అనేది. పళ్ళెం పక్కకి జరిపి, ఆయన చూడనప్పుడు మూతపెట్టేసేది.

పగలు పడుకోవడం మరీ నామోషీ. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కాళ్ళు లాగెయ్యడం. పోయిన అత్తగారు ఎక్కడినుంచో చూస్తున్నట్టు మంచం మీద ఇబ్బందిగా కదిలేది. ఒకరోజు కాస్త ఓపికొచ్చిందని వాకిలంతా ఊడ్చి, అంట్లు తోమింది. ఆ తర్వాత రెండురోజులు తల ఎత్తలేదు.

ఇలా ఉండగా భాస్కరం అక్క శేషమ్మ రాజమండ్రి నుంచి చూడ్డానికొచ్చింది. మంచి మనిషి, మనసంతా ప్రేమ, చేతిలో సేమ్యా పాయసం. ఆడపడుచు వచ్చిందని మంగతాయారు పదకొండింటి బండీ ఒంటిగంట బండీ వదిలేసింది. అందరూ తిన్నాక రెండున్నరకి కూర్చుంది. నన్ను చూసి శేషమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఇదేం తిండే మరదలా! పిచ్చిక తిన్నట్టు! ఇలా అయితే ఒంటికి బలమెక్కణ్ణించొస్తాది? నా కోసం ఇంకొంచెం తిను" అని అన్నం వేసి, పైన పాయసం పోసింది. వదినగారు వడ్డించింది వద్దనడం మంగతాయారుకి ఎవరూ నేర్పలేదు. పైగా ఆకలి. తినేసింది.

పావుగంట తిరక్కుండా ఒళ్ళంతా చెమటలు. గుండె దడదడలాడింది. కడుపులో మెలిపెట్టి, కళ్ళు తిరిగి గోడకి జారగిలబడింది. ఆ సాయంత్రం దాకా విరేచనాలు. శేషమ్మ భయపడి ఏడ్చేసింది. "నేనే చంపుకునేదాన్నిరా తమ్ముడూ" అంది. మర్నాడు తూకం చూస్తే ముప్ఫై తొమ్మిదిన్నర. ఆసుపత్రికి వెళ్ళడానికి ఇంకా మూడువారాలుంది. మంగతాయారు చీర కుచ్చెళ్ళ పక్కనున్న గొట్టాన్ని తడుముకుని, "ఇది నాతోనే పోద్దేమోనండీ" అంది. నేను అలమరలో ఉండి విన్నాను. అంత చిన్నదాన్నైనందుకు నాకు మళ్ళీ సిగ్గేసింది.

భాస్కరం కోప్పడలేదు, బతిమాలలేదు. మర్నాడు ఏడింటికి ఆమె ముందు నా కొలత బోర్లించి, తన టీ గ్లాసు ఖాళీగా తెచ్చి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ టీ ఏదండీ?"

"నీ గిద్ద అయితేనే నా టీ."

"ఇదేం పంతం? టీ లేకపోతే మీకు తలనొప్పొచ్చేస్తాదిగా!"

"వచ్చేస్తాది. అది నీ చేతిలోనే ఉందిగా!"

ఆమె ఉరిమి చూసింది. అయినా తింది. పదకొండింటికి కూడా అంతే. ఒంటిగంటకి ఆయన కంచం బోర్లించుకుని కూర్చున్నాడు. భర్తని ఆకలితో కూర్చోబెట్టడం ఆమె వల్ల కాని పని. ఏ అలవాటు ఆమెని పస్తు పెట్టిందో, దాన్నే పట్టుకుని ఆమెకి తిండి పెట్టాడు మహానుభావుడు. ఇంత తెలివి ముప్ఫై ఏళ్ళూ స్టీరింగు వెనక ఎక్కడ దాచుకున్నాడో నాకు తెలియదు. శేషమ్మ కూడా వెళ్ళేముందు నన్ను చేతిలోకి తీసుకుని, "దీంతోనే పెట్టరా, ఎవరన్నా ఇంకొంచెం అంటే నా పేరు చెప్పి తిట్టు" అని ఒట్టు వేయించుకుంది.

మెల్లగా ఆమెకే కిటుకు తెలిసింది. తిండి ఒక్కటే కాదు, పని కూడా గిద్దతోనే కొలుచుకోవడం మొదలుపెట్టింది. ఇవాళ సగం వాకిలి, రేపు సగం. మధ్యలో కుర్చీ. పగటి నిద్ర వస్తే మూడు తలగడలు పేర్చుకుని, "కాసేపు లేపకండేం" అని ధైర్యంగా పడుకునేది. కడుపు ఉబ్బిన రోజులున్నాయి, నాలో సగం కూడా దిగని రోజులున్నాయి. ఆ రోజుల్లో భాస్కరం సగం గ్లాసు టీయే తాగేవాడు.

ఆరువారాల తూకంలో నలభై కిలోల రెండువందల గ్రాములు వచ్చింది. గొట్టం తీసేశారు. ఆ రోజు భాస్కరం నన్ను తనే తోమాడు. తోమి, ఎవరూ చూడటం లేదనుకుని, కళ్ళకద్దుకున్నాడు. ఇన్నేళ్ళలో నన్ను అలా పట్టుకున్నవాళ్ళు లేరు. ఆ నర్సమ్మకీ, కత్తిపట్టిన డాక్టర్లకీ, నా అడుగున నొక్కు వదిలేసిన కంచరికీ కూడా అప్పుడే మనసులో దండం పెట్టుకున్నాను.

నిన్న మంగతాయారు చాలా నెలల తర్వాత మొదటిసారి బియ్యం డబ్బా దగ్గరికి తనే వచ్చి స్టూలేసుకు కూర్చుంది. భాస్కరానికి సోలతో ఒకటి కొలిచింది. తర్వాత వెతికి నన్ను తీసుకుంది. నాలో బియ్యం ముంచి, ఎప్పటిలా వేలితో అంచుకి సమంగా తలగొట్టబోయి ఆగిపోయింది. పైన గోపురంగా ఉన్న బియ్యాన్ని అలాగే గిన్నెలో పోసింది. గిద్ద బియ్యం ఉడికితే, రోజంతా కొంచెం కొంచెంగా తినే మనిషికి సరిపోతుంది.

గుమ్మంలో నిలబడి భాస్కరం చూస్తున్నాడు. "ఇవాళెవరొస్తున్నారే?" అన్నాడు.

"ఎవరూ రావట్లేదండీ. ఇది నాకు" అంది మంగతాయారు.

భాస్కరం టీకి నీళ్ళు పెట్టాడు.