పరబ్రహ్మం ఎత్తిన చెయ్యి

ఖుర్సీపార్‌లోని తెలుగు కార్మికుల పొదుపు సంఘానికి పరబ్రహ్మం తొమ్మిదేళ్లు కార్యదర్శి. జీతం లేని పని. ఉక్కు ప్లాంటులో అకౌంట్స్ ఆఫీసరుగా చేస్తూ, సెక్టర్ 4 క్వార్టరు నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి సంఘం రేకుల గదిలో కూర్చునేవాడు.

సంఘం నడిచే తీరు సులువే. దాచుకున్నవాళ్లకి ఏడాదికి నూటికి ఆరు ఇచ్చేది, అప్పు పుచ్చుకున్నవాళ్ల దగ్గర తొమ్మిది తీసుకునేది. మధ్యన మిగిలే మూడులోంచే గది అద్దె, గుమస్తా జీతం, ఎగ్గొట్టినవాళ్ల బాకీలు అన్నీ పోవాలి. పోగా మిగిలిన చిల్లర నిలవనిధిలో పడేది.

డెబ్బై నాలుగు జూలైలో బ్యాంకులు డిపాజిట్ల మీద వడ్డీ పెంచేశాయి. ఎనిమిదిస్తున్నారన్న మాట షిఫ్టు మారేలోగా బస్తీ అంతా పాకింది. మర్నాటి నుంచి సంఘం గది ముందు డబ్బు వెనక్కి అడిగేవాళ్ల వరస.

పరబ్రహ్మం మహాసభ పిలిచాడు.

"డబ్బు నిలవాలంటే మనం ఎనిమిదిన్నర ఇవ్వాలి. కానీ మీ అప్పులు అయిదేళ్లవి, ఇంకా పాత తొమ్మిదిలోనే ఉన్నాయి. మిగిలేది అర్ధ రూపాయి. గది అద్దెకి కూడా చాలదు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే పాత అప్పుల మీదా వడ్డీ మార్చొచ్చని అప్పు పత్రంలోనే ఉంది. పదకొండు చేద్దాం" అన్నాడు.

రోలింగ్ మిల్లులో పనిచేసే నరసింగరావు లేచాడు. ఇల్లు కట్టుకోడానికి సంఘంలో అందరికంటే పెద్ద అప్పు తీసుకున్నది అతనే.

"ఏటండీ పరబెమ్మం గారూ! నాను సంతకం ఎట్టిననాడు తొమ్మిదన్నారు. ఇయ్యాల పదకొండనడానికి నోరెలగొచ్చింది?"

ఆడవాళ్ల వేపు నుంచి అతని భార్య అచ్చమ్మ కూడా లేచింది. రెండు గేదెల పాలు సెక్టర్ 4లో పోసి, నెలనెలా సంఘంలో దాచుకునే మనిషి. "అదంతా నాకు తెల్దు బాబూ. ఎనిమిదిన్నర ఇవ్వకపోతే నా పాలడబ్బులు ఇప్పుడే తీసీసుకుంతాను."

పరబ్రహ్మం అక్కడ ఊరుకోవలసింది. ఊరుకోలేదు.

"నరసింగరావూ, మీ ఆవిడ అడిగే వడ్డీ ఎవడు కట్టాలయ్యా? నువ్వే! ముందు మొగుడూ పెళ్లాం ఇంట్లో తేల్చుకుని సభకి రండి" అన్నాడు.

సభ గొల్లుమంది. నరసింగరావు మొహం కందిపోయింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి పరబ్రహ్మం చొక్కా పట్టుకున్నాడు. "నా ఇంటి ఆడదాన్ని సభలోకి లాగుతావా? కొత్త స్కూటరెక్కడిదిరా నీకు? మా వడ్డీ కాదూ?"

స్కూటరు కోసం పరబ్రహ్మం పేరు రాయించుకుని ఆరేళ్లు వరసలో ఉన్నాడు. ఆ సంగతి ఎవరూ వినలేదు. వెనకనుంచి "చోర్ హై! హటావ్!" అన్న కేకలు మొదలయ్యాయి. డిపాజిట్లకి ఎనిమిదిన్నర, అప్పులకి తొమ్మిదే అని చేతులెత్తి తేల్చేశారు. నరసింగరావుని కార్యదర్శిని చేశారు. పరబ్రహ్మం బయటికొచ్చేసరికి స్కూటరు మురిక్కాలవలో బోర్లా పడి ఉంది.

మూడోనాడు తెల్లారి చూస్తే క్వార్టరు గేటు మీద తారుతో 'చోర్' అని రాసి ఉంది. భార్య కుముదిని కిరసనాయిలు పెట్టి ఎంత రుద్దినా మరక వదల్లేదు. ఆవిడ అచ్చమ్మ దగ్గర పాలు మానేసింది. ఆఫీసులో తెలుగువాళ్లు పరబ్రహ్మాన్ని చూసి మాట మార్చేవాళ్లు. దొంగతనం చేసి ఉంటే ఇంత మంట ఉండేది కాదేమో. లెక్క సరిగ్గా చెప్పినందుకు దొంగనయ్యానన్న మాట రెండేళ్లపాటు అతని గొంతులో ముల్లులా ఉండిపోయింది.

నరసింగరావు మాత్రం పైసా తినలేదు. గుమస్తాని మానిపించి, షిఫ్టు దిగి తనే చిట్టా రాసుకున్నాడు. అయినా అర్ధ రూపాయి ఎక్కడికి సరిపోతుంది? నిలవనిధి కరుగుతూ కరుగుతూ అడుక్కి వచ్చింది. ఒకనాటి సాయంత్రం అతను సెక్టర్ 4 వచ్చి, ఆ గేటు బయటే నిలబడ్డాడు.

"తప్పయిపోనాది బాబూ. ఇప్పుడు పన్నెండు సెయ్యకపోతే సంగం మూసీడమే. మీరొక్క మాట సెప్తే జనం ఒప్పుకుంతారు."

పరబ్రహ్మం లోపలికి రమ్మనలేదు. "సభకి వస్తాను" అన్నాడు, అంతే.

సభలో నరసింగరావు ఆ లెక్కే మళ్లీ చెప్పాడు. అచ్చమ్మని చూపించి, "దీనికి ఇచ్చింది నా దగ్గర తియ్యాల. నానే కడతాను పన్నెండు, మీరూ కట్టండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "నా మాట నమ్మకపోతే పరబెమ్మం గారినడగండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పరబ్రహ్మం నోరు విప్పలేదు. అవునన్నవాళ్లని లెక్కపెట్టారు. తరవాత కాదనేవాళ్లని చేతులెత్తమన్నారు.

పరబ్రహ్మం చెయ్యెత్తాడు.

లెక్క తెలిసిన ఆయనే వద్దంటున్నాడని, అంతదాకా ఎటూ ఎత్తకుండా చుట్టూ కూర్చున్న పదిహేనిరవై మంది గబగబా ఎత్తారు. చేతులెత్తినవాళ్లలో మూడింట రెండొంతులకి ఏడు ఓట్లు తక్కువయ్యాయి. నరసింగరావు అతనికేసి చూశాడు.

సంఘం మునుగుతోందని తెలియగానే దాచుకున్నవాళ్లు ఎగబడ్డారు, అప్పున్నవాళ్లు కట్టడం ఆపేశారు. రెండు నెలల్లో సర్కారు మనుషులొచ్చి గదికి తాళం వేశారు. దాచుకున్న రూపాయికి అరవై పైసలు, అదీ మూడు విడతల్లో ఇస్తామన్నారు.

అచ్చమ్మ ఒక గేదెని అమ్ముకుంది. ఆ మర్నాడు పాలకేను పట్టుకునే సెక్టర్ 4 వచ్చి, గేటు దగ్గర నిలబడి పిలిచింది. పరబ్రహ్మం వచ్చాడు.

"చూడు అచ్చమ్మా, వడ్డీ పెంచినా అప్పటికే నిలవనిధి..." అంటూ మొదలెట్టాడు.

"లెక్కలొద్దు బాబూ. నా మొగుడు తెలీక సేసినాడు. నువ్వు తెలిసి సేసినావు."

గేటు ముందు తుపుక్కున ఉమ్మేసి వెళ్లిపోయింది.

గుమ్మంలో కుముదిని ఉంది. "మీరు నిజంగా చెయ్యెత్తారా?" అని అడిగింది.

"ఎత్తాను. వాళ్లు నన్ను ఏమన్నారో నీకు తెలీదా?"

"తెలుసు. ఆ తారు రుద్దింది నేనే కదా" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం పెట్టింది గాని, పక్కన కూర్చోలేదు.